జలుబు మాయమైన ఏడాది

శ్రోతలందరికీ నమస్కారం. నేను పిల్లల డాక్టర్ని. వానలు మొదలయ్యాయంటే మా ఓపీ ఎలా ఉంటుందో చంటిపిల్లలున్న ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు. ముక్కు కారే పిల్ల, దగ్గే పిల్లాడు, పిల్లికూతలతో ఆయాసపడుతూ చంకలో చంటిది, ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చున్న తల్లులు, మధ్యలో ఆగకుండా చప్పుడు చేసే నెబులైజర్. 2020 వానాకాలంలో ఆ బల్ల ఖాళీ. కరోనా భయంతో జనం ఆస్పత్రికి రావడం మానేశారనుకున్నాను. అది కొంత నిజమే. కానీ తర్వాత తెలిసిందేమిటంటే, పిల్లలకు జలుబు, దగ్గు, నిమ్ము తెచ్చే వైరస్‌లలో చాలావాటికి ఆ ఏడాది ప్రపంచమంతా పాకే దారే దొరకలేదు.

వాటిలో ముఖ్యమైనది ఆర్‌ఎస్‌వీ. ఈ పేరు చాలామంది విని ఉండరు గానీ, రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా సోకుతుంది. పెద్ద పిల్లలకైతే వారం రోజుల రొంపతో పోతుంది. ఆరు నెలల్లోపు బిడ్డకు అంత తేలిక కాదు, ఆ వయసులో ఊపిరితిత్తుల చివరి గొట్టాలు మరీ సన్నం, కాస్త వాచి కాస్త జిగురు పేరుకుందంటే చాలు, గాలి ఆడదు. 2019లో ఐదేళ్లలోపు పిల్లలు సుమారు లక్ష మంది దీనివల్ల చనిపోయారని అంచనా. వాళ్లలో నూటికి 97 మంది మనలాంటి పేద, మధ్యాదాయ దేశాల పిల్లలే.

ఇప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా సంగతి చెబుతాను, పెర్త్ నగరం ఉన్న రాష్ట్రం. అక్కడ చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. 2020 చలికాలంలో అక్కడ పిల్లల్లో ఆర్‌ఎస్‌వీ కేసులు 98 శాతం తగ్గిపోయాయి. విచిత్రం చూడండి, అప్పటికే బడులు తెరిచేశారు, పిల్లలు కలిసే ఆడుకుంటున్నారు. సరిహద్దులు మూసేయడంతో బయటినుంచి వైరస్‌ను మోసుకొచ్చేవాళ్లు లేకపోవడం ఒక కారణం కావచ్చు. సరే, పీడ పోయింది అనుకుంటుండగా సెప్టెంబరు చివర్లో మొదలైంది. ఎండలు ముదిరేకొద్దీ పెరిగి, మామూలు చలికాలాల్లో ఉండే తాకిడిని కూడా దాటేసింది. సోకిన పిల్లల వయసూ మారింది. అంతకుముందు ఎక్కువగా ఏడాది వయసు లోపు, కాస్త అటూ ఇటూగా ఉండేవాళ్లు, ఈసారి అది ఏడాదిన్నర దగ్గరికి జరిగింది.

లెక్క కష్టమేమీ కాదు. చలికాలంలో సోకాల్సిన పిల్లలకు సోకలేదు, వాళ్లకు తోడు కొత్తగా పుట్టినవాళ్లు చేరారు, వైరస్ తిరిగొచ్చేసరికి ఇద్దరూ దానికి కొత్తే. తల్లులకూ చాలాకాలం అది తగలకపోతే, కడుపులో ఉండగా బిడ్డకు చేరే యాంటీబాడీలు పలచబడతాయి.

దీనికి కొందరు ఇమ్యూనిటీ బాకీ అని పేరు పెట్టారు. నాకు ఆ మాట నచ్చదు. మాస్కులు పెట్టి, ఇంట్లో కూర్చోబెట్టి పిల్లల శక్తిని మనమే పాడుచేశామని దాన్ని అర్థం చేసుకుని ఏడ్చిన తల్లిని నేను చూశాను. అమ్మా, మీ బిడ్డ శక్తి ఎక్కడికీ పోలేదు. మూడో నెలలో రావాల్సిన జబ్బు ఇరవయ్యో నెలలో వచ్చిందంటే ఆ బిడ్డకు మేలే జరిగింది, అప్పటికి ఊపిరి గొట్టాలు కాస్త వెడల్పవుతాయి. చిక్కల్లా అందరికీ ఒక్కసారే రావడం. 2022 చివర్లో అమెరికాలో ఆర్‌ఎస్‌వీ, ఫ్లూ కలిసి వచ్చి పిల్లల ఆస్పత్రుల్లో మంచాలు చాలక నానా అవస్థ పడ్డారు.

అన్ని వైరస్‌లూ ఒకేలా లొంగలేదు లెండి. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌కు పైన కొవ్వు పొర ఉండదు, సబ్బూ శానిటైజరూ దాన్ని అంతగా ఏమీ చేయలేవు, అది తిరుగుతూనే ఉంది. మరోవైపు బీ-యమగాటా అనే ఫ్లూ రకమైతే 2020 మార్చి తర్వాత నిర్ధారణగా ఎక్కడా దొరకనే లేదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇజ్రాయెల్ అనుభవం. నిమ్ము తెచ్చే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా పిల్లల ముక్కు వెనకాల ఊరికే కాపురం ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడ పరీక్షిస్తే, అది పిల్లల ముక్కుల్లో దాదాపు ఎప్పటిలాగే ఉంది. కానీ దానివల్ల వచ్చే తీవ్రమైన జబ్బులు బాగా తగ్గాయి. ఆర్‌ఎస్‌వీ, ఫ్లూ లాంటి వైరస్‌లు ముందు తలుపు తీస్తే గానీ అది లోపలికి దిగడం తక్కువన్నమాట.

టీకాల విషయం మాత్రం పూర్తిగా వేరు, అక్కడ ఆలస్యంలో మేలు ఏమీ లేదు. 2021లో ప్రపంచంలో రెండున్నర కోట్ల మంది పిల్లలకు కోరింత దగ్గు నుంచి కాపాడే డీపీటీ డోసుల్లో కనీసం ఒక్కటైనా తప్పిపోయింది. 2024లో యూరప్‌లో, చైనాలో కోరింత దగ్గు మళ్లీ విజృంభించింది. మీ బిడ్డ కరోనా రోజుల్లో పుట్టి ఉంటే టీకాల కార్డు తీసి, ఏడాదిన్నరప్పటి బూస్టరు, ఐదేళ్లప్పటి బూస్టరు పడ్డాయో లేదో చూసి, లేకపోతే ఏఎన్ఎమ్ గారిని అడగండి.

ఆర్‌ఎస్‌వీ వానాకాలం జబ్బు, ఎండాకాలంలో రాదులే అన్న ధీమా నాకిప్పుడు లేదు. అందుకే నెల చూడకుండా బిడ్డను చూడమంటాను. దగ్గూ జలుబూ ఉన్న బిడ్డ ఏడవకుండా పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం దగ్గర పెట్టుకుని, పొట్ట లేచి దిగడాన్ని నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, అంతకు చేరినా దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేక వదిలేస్తున్నా, తెల్లారనిద్దాం అనుకోకండి, ఎంత రాత్రయినా బిడ్డను తీసుకుని బయల్దేరండి.