‘బార్న్ ఎ క్రైమ్’ ఆడియోబుక్ రివ్యూ: ఆ పార్కు ఘట్టం కోసమైనా వినండి

అందరికీ నమస్కారం అండీ. ముందే చెప్పేస్తాను, ఇది వినడానికి ఒక ఆడియో యాప్ వాళ్లు నాకు సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చారు. ఏం చెప్పాలన్నది మాత్రం నా ఇష్టమే. ఇది దక్షిణాఫ్రికా కమెడియన్ ట్రెవర్ నోవా ఆత్మకథ, 2016లో వచ్చింది, చదివిందీ ఆయనే. నన్ను పట్టి కుదిపేసిన చోటికి నేరుగా వచ్చేస్తాను.

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో జూబర్ట్ పార్క్. పసివాడైన ట్రెవర్ నాన్నను చూసి ‘డాడీ’ అని అరుచుకుంటూ వెళ్లాడు. చుట్టూ జనం చూస్తున్నారు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన తెల్లాయన, తల్లి ప్యాట్రీషియా కోసా తెగకు చెందిన నల్లజాతి మహిళ. తండ్రి కంగారుపడి పరుగు అందుకున్నాడు. పిల్లాడేమో ఆట అనుకుని వెంటపడ్డాడు!

వంట చేస్తూ వింటున్నదాన్ని, స్టవ్ కట్టేసి మళ్లీ వెనక్కి జరిపి విన్నాను. ట్రెవర్ దీన్ని ఎంతో తేలిగ్గా చెప్పుకుపోతాడు. వినేవాళ్లకే గుండె పట్టేస్తుంది. నేను ఇంతకు ముందు విన్న ఆత్మకథలు చాలావరకు వేరేవాళ్లు చదివినవి. ఉచ్చారణ శుభ్రంగా ఉండేది, కానీ ఆ మనిషి పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. ఇందులో కోసా మాటలు ఆయన నోట వినాలి, నాలుకతో టక్కుమనే ఆ శబ్దాలు అచ్చులో చదివితే రావు.

ఇంతకీ తండ్రి ఎందుకు పరిగెత్తాడు? దక్షిణాఫ్రికాలో 1927 నాటి చట్టం ప్రకారం తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య శారీరక సంబంధం నేరం. మగవాడికి ఐదేళ్ల వరకు, నల్లజాతి మహిళకు నాలుగేళ్ల వరకు జైలు. 1949లో పెళ్లిళ్లనూ నిషేధించారు. 1950లో ఆ మొదటి నిషేధాన్ని తెల్లవాళ్లు కాని అందరికీ పొడిగించారు. అక్కడి నటాల్ ప్రాంతపు చెరకు తోటలకు కూలికి వెళ్లిన మన తెలుగువాళ్ల పిల్లలూ దాని కిందికే వచ్చారు. ట్రెవర్ పుట్టింది 1984 ఫిబ్రవరిలో. ఆ నిషేధాలు ఎత్తేసింది 1985లో. అంటే ఆ పిల్లాడి ఒంటి రంగే అమ్మానాన్నల మీద సాక్ష్యం.

అందుకే తల్లి ఏం చేసేదంటే, తమ బిల్డింగ్‌లోనే ఉండే మిశ్రమజాతి మహిళను బతిమాలి, పార్కుకు వెళ్లేటప్పుడు పిల్లాడి పక్కన ఆమెను నడిపించేది. తాను పనిమనిషిలా వెనక నడిచేది. అప్పటి ఫొటోల్లో కన్నతల్లి వెనకాల ఎవరో దారినపోయే మనిషిలా కనిపిస్తుందట. కన్నబిడ్డ చెయ్యి పట్టుకోవడానికి కూడా భయపడాల్సి రావడం ఏంటండీ! వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

నా కంప్లైంట్ ఒక్కటే. ట్రెవర్ అమ్మానాన్నల కథ చాలా త్వరగా అయిపోతుంది. జొహానెస్‌బర్గ్‌లో నల్లవాళ్లు అద్దెకు ఉండకూడని హిల్‌బ్రో అనే పేటలో ఆమె దొంగచాటుగా ఉండేది. ఆయన అదే వరండాలో పొరుగువాడు. బిడ్డను కంటానని అడిగింది ఆమే. ఆయన వద్దు వద్దంటూనే చివరికి ఒప్పుకున్నాడు. ఆ నెలల్లో వాళ్లిద్దరూ ఎంత టెన్షన్ పడి ఉంటారో! అక్కడ ఇంకో రెండు అధ్యాయాలు ఉండాల్సింది. 1985 తర్వాత కూడా, ఎవరు ఎక్కడ ఉండాలో రంగును బట్టి తేల్చే చట్టం 1991 దాకా బతికే ఉంది. పెళ్లికి అడ్డు తొలగినా కాపురానికి ఇల్లు కావాలి కదా. ఈ సంగతి మీద పుస్తకం ఎక్కువసేపు నిలవదు.

అయినా తండ్రి మీద ఉన్న అధ్యాయం నాకు ఆ లోటు చాలావరకు తీర్చింది. ఏళ్ల తర్వాత కొడుకు వెతుక్కుంటూ వెళితే, చిన్నప్పుడు పెట్టిన తిండే మళ్లీ పెట్టాడు: బంగాళాదుంపల రోస్టి, స్ప్రైట్, కారమెల్ వేసిన కస్టర్డ్. కొడుకు గురించి పేపర్లలో వచ్చిన ముక్కలన్నీ కత్తిరించి ఆల్బమ్‌లో అంటించి ఉంచాడు. నాకు ఏడుపు ఆగలేదు.

నా మాట: పుస్తకం కన్నా ఆడియోనే తీసుకోండి. ఇంగ్లిష్ తేలిగ్గానే ఉంటుంది, స్పీడ్ మాత్రం పెంచకండి. పిల్లలకు వినిపించాలంటే ఆఖరి అధ్యాయం ముందు మీరు వినండి. అందులో మారుతండ్రి తల్లిని తుపాకీతో కాల్చే ఘట్టం ఉంది.