బ్రిటన్‌లో కొత్త జంటకు అందుబాటులో ఇల్లు: అద్దె అంకె వెనక లెక్క

అందరికీ నమస్కారం.

ఈ ప్రసంగం ముఖ్యంగా ఇక్కడికి వచ్చి ఆర్నెల్లో ఏడాదో అయిన జంటల కోసం. ఒక గదిలో సర్దుకుని ఉంటూ, ఇక సొంతంగా ఒక వన్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూసుకుందామని అనుకుంటున్నవాళ్ల కోసం. చెప్పేదంతా ఇంగ్లండ్ చట్టం ప్రకారం. స్కాట్లండ్‌లో 2017 డిసెంబర్ నుంచీ, వేల్స్‌లో 2022 డిసెంబర్ నుంచీ అద్దె చట్టాలు వేరు. గ్లాస్గోలోనో కార్డిఫ్‌లోనో ఉండేవాళ్లు ఇక్కడి అంకెల్ని అలాగే పట్టుకుని వాదించకండి.

ముందు ఒక పెద్ద మార్పు. 2025 అక్టోబర్ 27న రెంటర్స్ రైట్స్ (అద్దెదారుల హక్కుల) చట్టానికి రాజముద్ర పడింది. ప్రైవేటు అద్దెలకు సంబంధించిన ముఖ్యమైన నిబంధనల అమలు తేదీ 2026 మే 1. మనవాళ్లు ఇన్నాళ్లూ ఇల్లు దొరకబుచ్చుకున్న రెండు అడ్డదారులనూ ఈ చట్టం మూసేసింది. ఒకటి, ప్రకటనలో 1,300 పౌండ్లని ఉంటే "మేం 1,350 ఇస్తాం" అనడం. ప్రకటించిన అద్దెకన్నా ఎక్కువ అడగకూడదు, మీ అంతట మీరే ఇస్తామన్నా ఇంటి యజమాని తీసుకోకూడదు. రెండోది, ఇక్కడ క్రెడిట్ చరిత్ర లేదు కాబట్టి ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టేయడం. ఇప్పుడు ఒప్పందం మీద సంతకాలయ్యాక, అద్దె మొదలయ్యే లోపు, గరిష్ఠంగా ఒక్క నెల అద్దే ముందుగా అడగొచ్చు. డబ్బు చూపించి ఇల్లు పట్టే రోజులు పోయాయి. ఇక మిగిలింది కాగితాలు, వేగం, సరైన లెక్క. ఈ మార్పు మంచిదే. కాకపోతే, కొత్తగా వచ్చినవాళ్లకు కొన్నాళ్లు ఇబ్బంది తప్పదు.

లెక్కతో మొదలుపెడదాం. ప్రకటనల్లో కొన్నిచోట్ల అద్దె వారానికి ఉంటుంది, కొన్నిచోట్ల నెలకు. వారానికి 300 అంటే చాలామంది నాలుగుతో హెచ్చవేసి 1,200 అనుకుంటారు. సంవత్సరానికి 52 వారాలు. 300ని 52తో హెచ్చవేసి 12తో భాగిస్తే నెలకు 1,300. ఏడాదికి 1,200 పౌండ్ల తేడా ఈ ఒక్క పొరపాటులోనే ఉంది.

డిపాజిట్ కూడా ఈ వారం లెక్క మీదే నడుస్తుంది. 2019 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న టెనంట్ ఫీజుల చట్టం ప్రకారం, ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు. నెలకు 1,300 ఇంటికి అది 1,500. ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక్క వారం అద్దె, అంటే 300. సాధారణంగా దీన్ని మొదటి నెల అద్దెలోనో డిపాజిట్‌లోనో కలిపేస్తారు. మొత్తం మీద తాళాలు చేతికొచ్చేసరికి కట్టాల్సింది 2,800. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చి వచ్చినవాళ్లకు ఇది ముచ్చటగానే ఉంటుంది. ఇంతకు మించి రెఫరెన్స్ ఫీజు, అడ్మిన్ ఫీజు, ఇన్వెంటరీ ఫీజు, చెకౌట్ ఫీజు అంటూ ఏ పేరుతో అడిగినా అది చట్టవిరుద్ధం.

ఆ 300 కట్టాక జాగ్రత్త. మీరు మనసు మార్చుకున్నా, జీతం గురించి తప్పు చెప్పినట్టు తేలినా, రైట్ టు రెంట్ (మీ వీసాకు ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకునే హక్కు ఉందా అన్న) తనిఖీలో తప్పినా ఆ డబ్బు వాళ్లు ఉంచేసుకోవచ్చు. ఇంటి యజమానే వెనక్కి తగ్గితే ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. వేరే గడువు రాసుకోకపోతే, ఒప్పందం కుదరడానికి 15 రోజులు. అందుకే దరఖాస్తులో జీతం అంకె పేస్లిప్‌లో ఉన్నట్టే రాయండి. బోనస్ వస్తుందన్న నమ్మకంతో ఒక వెయ్యి కలిపి రాస్తే, ఏజెంటు తరఫున మీ వివరాలు సరిచూసే రెఫరెన్స్ కంపెనీ మీ ఆఫీసుకు మెయిల్ పెట్టగానే దొరికిపోతారు.

ఆదాయం ఎంత ఉండాలి? ఎక్కువమంది ఏజెంట్లు వాడే కొలత, నెల అద్దెకు 30 రెట్ల వార్షిక జీతం, పన్నుకు ముందు. 1,300 అద్దెకు 39,000. దంపతులిద్దరి జీతాలూ కలుపుతారు. ఒకరికి 28,000, ఇంకొకరికి పార్ట్‌టైమ్‌లో 12,000 ఉంటే గట్టెక్కుతారు. డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇంకా ఉద్యోగం లేకపోతే 28,000 మీద దొరికేది 930 పౌండ్ల అద్దె ఇల్లే. కాబట్టి రెండో జీతం త్వరలో రాబోతుంటే ఆ ఉద్యోగ ఒప్పందం, వీలైతే మొదటి పేస్లిప్ చేతికొచ్చేదాకా గదిలోనే ఆగడం మేలు. తొందరపడి రెఫరెన్సుల్లో ఫెయిలై, మంచి ఇల్లు పోగొట్టుకోవడంకన్నా రెండు నెలల ఇరుకు నయం.

చాలకపోతే గ్యారంటర్ అడుగుతారు. గ్యారంటర్‌కు మామూలుగా 36 రెట్ల జీతం చూస్తారు, అంటే మన ఉదాహరణలో 46,800. యూకేలో ఉండేవాళ్లే కావాలంటారు. హైదరాబాద్‌లో నాన్నగారికి ఎంత ఆస్తి ఉన్నా ఇక్కడ పనికిరాదు. ఎవరైనా అన్నయ్యో బావగారో సంతకం పెడతానంటే, ఆ పత్రంలో బాధ్యత ఎంతవరకో ఒక అంకె రాయించమని వాళ్లకు మీరే చెప్పండి. పరిమితి లేని గ్యారంటీ మీద సంతకం పెడితే అద్దె బకాయిలే కాదు, ఇంట్లో జరిగిన నష్టం కూడా వాళ్ల నెత్తిన పడుతుంది. రుసుము తీసుకుని గ్యారంటర్‌గా నిలబడే కంపెనీలూ ఉన్నాయి. ఆ రుసుము తిరిగి రాదు, దాన్ని మొదటి ఏడాది అద్దెలో కలిపి చూసుకోండి.

కాగితాల ఫోల్డర్ వ్యూయింగ్‌కు, అంటే ఇల్లు చూడ్డానికి వెళ్లడానికి, ముందే ఫోన్‌లో సిద్ధంగా ఉండాలి. మూడు నెలల పేస్లిప్‌లు, లేదా ఉద్యోగ ఒప్పందం. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఇప్పుడున్న ఇంటి యజమాని నుంచి అద్దె సక్రమంగా కడుతున్నారని రెండు వాక్యాల మెయిల్. ఇద్దరి షేర్ కోడ్‌లు, అంటే మీ వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూసుకోవడానికి ఎదుటివాళ్లకు ఇచ్చే కోడ్‌లు. షేర్ కోడ్ దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ఉద్యోగం కోసం తీసే కోడ్ డబ్ల్యూ అక్షరంతో మొదలవుతుంది, ఇంటి అద్దెకు తీసేది ఆర్‌తో. ఆఫీసుకిచ్చిన కోడే ఏజెంటుకు పంపితే అక్కడ తెరుచుకోదు. కోడ్ 90 రోజులు చెల్లుతుంది. ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరికీ విడివిడిగా ఉండాలి, ఒప్పందంలో పేరు లేకపోయినా సరే.

ఇంకొకటి మనవాళ్లలో చాలామంది వదిలేసేది. భారతీయులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా ఉంటే ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. ఓటు సంగతి అలా ఉంచండి, ఆ జాబితాలో మీ పేరు, చిరునామా ఉంటే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్ వంటి క్రెడిట్ సంస్థలకు మీరు ఫలానా చోట ఉన్నారన్న ఆధారం దొరుకుతుంది. గదిలో ఉంటున్నా నమోదు చేసుకోండి.

ఇక ఏ ఊళ్లో చూడాలి. లండన్ పడమటి వైపున్న హౌన్‌స్లో, స్లౌ, రీడింగ్ అంటూ తెలిసిన పేర్ల వెంట పడేముందు ఒక పని చేయండి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అద్దె సాయం ఎంతవరకు ఇవ్వాలో చెబుతూ, లోకల్ హౌసింగ్ అలవెన్స్ అని ప్రభుత్వం ప్రాంతాలవారీగా ఒక అంకె ప్రకటిస్తుంది. పోస్ట్‌కోడ్ కొడితే వస్తుంది. ఆ భత్యం మనలో చాలామందికి రాదు, వీసా మీద ప్రభుత్వ సాయానికి అర్హత లేదని ఉంటుంది. కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) అద్దెకిచ్చే ఇళ్లదీ అదే పరిస్థితి. కానీ ఆ అంకె ఉపయోగపడుతుంది. 2024 ఏప్రిల్‌లో దాన్ని ఆ ప్రాంతపు అద్దెల్లో కింది నుంచి 30 శాతం దగ్గర పెట్టారు, ఆ తర్వాత పెంచలేదు. అంటే చౌక ఇల్లు అన్నది అక్కడ ఏ ధర దగ్గర ఉంటుందో తెలుస్తుంది. దానికి ఈమధ్య పెరిగిన అద్దె కొంత కలుపుకోండి. ఆ అంకెకు బాగా కిందుగా ఏదైనా ఫ్లాట్ కనిపిస్తే అదృష్టం అనుకోవద్దు, అనుమానించండి. యజమాని విదేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి అంటే అది మోసం. ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లు కడితే ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో చూడొచ్చు.

దూరం వెళ్తే అద్దె తగ్గుతుంది, రైలు ఖర్చు దాన్ని మింగేస్తుంది. వారపు సీజన్ టికెట్ ధరను 40తో హెచ్చవేస్తే దాదాపు ఏడాది టికెట్ ధర వస్తుంది. దాన్ని 12తో భాగించి అద్దెకు కలపండి. ఇద్దరూ లండన్ వెళ్లేవాళ్లయితే రెండుసార్లు కలపండి. ఇద్దరిలో ఒకరు ఇంటి నుంచే పనిచేస్తుంటే దూరపు ఊరు లాభం. లేకపోతే చాలాసార్లు కాదు.

స్థానిక సంస్థకు కట్టే కౌన్సిల్ ట్యాక్స్ సాధారణంగా అద్దెలో కలిసి ఉండదు, ఇంటి విలువను బట్టి ఏ నుంచి హెచ్ దాకా ఉండే బ్యాండ్ చూసి కలుపుకోవాలి. ఇద్దరిలో ఒకరు ఫుల్‌టైమ్ విద్యార్థి అయితే ఆ వ్యక్తిని లెక్కలోంచి తీసేసి 25 శాతం తగ్గిస్తారు. విద్యార్థికి డిపెండెంట్‌గా వచ్చిన, బ్రిటిష్ పౌరసత్వం లేని భర్త లేదా భార్య వీసా మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు ఉంటే ఆ వ్యక్తినీ లెక్కలోకి తీసుకోరు, ఉద్యోగం చేస్తున్నా సరే. అప్పుడు ఇల్లు మొత్తానికే మినహాయింపు. 2024 జనవరి నుంచి కొత్తగా వచ్చే విద్యార్థుల్లో ఎక్కువగా పరిశోధన చేసేవాళ్లకే జీవిత భాగస్వామిని తెచ్చుకునే వీలుంది, కాబట్టి ఇది ముఖ్యంగా పీహెచ్‌డీ జంటలకు వర్తిస్తుంది. కౌన్సిల్ మొదట కాదన్నా వీసా నకలు పెట్టి మళ్లీ రాయండి.

వ్యూయింగ్‌కు వెళ్లినప్పుడు సోఫా, కార్పెట్ చూస్తూ ఉండిపోకండి. బెడ్‌రూమ్‌లో బయటి గోడకు ఆనించి ఉన్న బీరువాను ఒక జానెడు ముందుకు జరిపి వెనక్కి తొంగి చూడండి. కిటికీ చట్రం కింది మూలల్లో వేలితో రాసి చూడండి. నల్లటి చుక్కలుంటే బూజు. ఇల్లంతా పాతగా ఉండి ఒక్క మూలకే కొత్త రంగు వేసి ఉంటే అదీ బూజే. కిటికీ పైన సన్నటి గాలి పట్టీ ఉందా, బాత్‌రూమ్ ఫ్యాన్ వేసి టిష్యూ కాగితం పెడితే అంటుకుంటోందా చూడండి. వంటింట్లో పొయ్యి మీది హుడ్ గొట్టం బయటికి వెళ్తోందా, లేక గాలిని మళ్లీ గదిలోకే వదులుతోందా? రోజూ పోపు పెట్టి, కుక్కర్ విజిల్స్ వేయించే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఆ ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి చల్లటి గోడ మీద చేరి బూజవుతుంది. ఆఖర్న డిపాజిట్ దగ్గర "మీ వంట వల్లే" అంటారు. ఫ్యాన్ పనిచేయడం లేదని మొదటి వారంలోనే మెయిల్ పెట్టి ఉంటే ఆ మాట నిలబడదు.

ఇల్లు కరెంటు, గ్యాస్ ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ఈపీసీ రేటింగ్ ఇ కన్నా తక్కువుంటే, మినహాయింపు నమోదైతే తప్ప, ఆ ఇల్లు అద్దెకివ్వకూడదు. ఇ రేటింగ్, కరెంటు హీటర్లు ఉన్న ఫ్లాట్ నెలకు 80 పౌండ్లు చౌకగా కనిపించినా, చలికాలంలో సి రేటింగ్, గ్యాస్ బాయిలర్ ఉన్నదే చవకని తేలడం మామూలే. ముందే డబ్బు వేసుకుని వాడే ప్రీపేమెంట్ మీటరు ఉంటే పాత బకాయి ఉందేమో అడగండి.

ఇంకో తెలుగు జంటతో కలిసి రెండు పడకగదుల ఇల్లు తీసుకోవడం నిజంగానే చౌక. కానీ వేర్వేరు కుటుంబాల నలుగురు కలిసి ఉంటే చట్టం దృష్టిలో అది హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్). ఐదుగురుంటే దేశమంతా లైసెన్సు తప్పనిసరి. ముగ్గురు నలుగురికే లైసెన్సు అడిగే కౌన్సిళ్లూ చాలా ఉన్నాయి. లైసెన్సున్న హెచ్‌ఎంఓలో ఇద్దరు పెద్దవాళ్లు పడుకునే గది కనీసం 10.22 చదరపు మీటర్లు ఉండాలి. ఒక్కరికైతే 6.51. సింగిల్ గదిలో జంటను ఉండనివ్వకపోవడానికి కారణం ఇదే. నలుగురూ ఒకే ఒప్పందం మీద సంతకం పెడితే ఒక్కొక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులు. ఒకరు రెండు నెలల నోటీసిచ్చినా అందరి ఒప్పందమూ ముగుస్తుంది. స్నేహం ఎంత గట్టిదైనా ఇది ముందే మాట్లాడుకోండి.

మీరు కట్టిన డిపాజిట్‌ను యజమాని 30 రోజుల్లో మూడు ప్రభుత్వామోదిత పథకాల్లో ఒకదానిలో పెట్టి, మీకు వివరాలివ్వాలి. పెట్టకపోతే కోర్టు డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా మీకు ఇప్పించవచ్చు. అద్దె ఏడాదికొక్కసారే, రెండు నెలల నోటీసుతోనే పెంచాలి. ఎక్కువనిపిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, అక్కడ యజమాని అడిగినదానికన్నా పెరిగే ప్రమాదం కొత్త చట్టంలో లేదు.

కొనాలనుకునేవాళ్లకు ఒక్క విషయం, చాలామందికి ఆలస్యంగా తెలిసేది. ఇక్కడ "మొదటి ఇల్లు" అంటే ప్రపంచంలో ఎక్కడా అంతకుముందు ఇల్లు లేకపోవడం. అమ్మానాన్నలు కూకట్‌పల్లిలోనో విజయవాడలోనో మీ పేరున ఫ్లాట్ రాయించి ఉంటే, వారసత్వంగా ఇంట్లో వాటా వచ్చి ఉంటే, మీరు మొదటిసారి కొనేవాళ్లు కారు. 3,00,000 పౌండ్ల ఇంటికి మొదటిసారి కొనేవాళ్లకు స్టాంపు డ్యూటీ సున్నా. ఇద్దరూ అలాంటివాళ్లే అయ్యుండాలి. అదే మీకో మీ జీవిత భాగస్వామికో ఇండియాలో 40,000 పౌండ్లు లేదా అంతకుమించిన విలువైన ఇల్లు ఇప్పటికీ ఉంటే మామూలు డ్యూటీ 5,000, దాని మీద 5 శాతం అదనపు భారం 15,000, మొత్తం 20,000. ఒక్కరి పేరునే కొన్నా భార్యాభర్తలను ఒక్కటిగానే చూస్తారు. ఊళ్లో కొనిపెట్టాలని పెద్దవాళ్లు అంటుంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

ఏ ఇల్లూ లేని, 40 ఏళ్లలోపు వాళ్లు లైఫ్‌టైమ్ ఐఎస్ఏ అనే పొదుపు ఖాతా తెరవొచ్చు. ఏడాదికి 4,000 దాకా వేస్తే ప్రభుత్వం 25 శాతం, అంటే 1,000 కలుపుతుంది. ఇద్దరూ తెరిస్తే రెండు వేలు. ఇల్లు 4,50,000 పౌండ్ల లోపుండాలి. ఇల్లు కొనకుండా మధ్యలో తీస్తే ప్రభుత్వం కలిపినదానితో సహా మొత్తం మీద 25 శాతం కోత పడుతుంది, 4,000 వేసినవాళ్ల చేతికి 3,750 వస్తుంది. ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే వద్దు. ఉండిపోవాలనుకుంటే, మొదటి జమ పడిన 12 నెలల తర్వాతే ఆ డబ్బు ఇంటికి వాడుకోగలరు కాబట్టి, ఇప్పుడు చేతిలో పెద్దగా లేకపోయినా ఖాతా తెరిచి ఎంతో కొంత వేసి ఉంచండి.