కుక్క కరిచే ముందు చెప్తాది, మనమే వినట్లేదు

అందరికీ నమస్తే అండి, బాగున్నారా. ఈరోజు వీడియో మా ఆమదాలవలస ఇంటి పెరట్లోంచే తీస్తున్నాం, ఫోన్ మా మేనల్లుడు పట్టుకున్నాడు, మధ్యలో రైలు కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి, స్టేషన్ దగ్గరే ఇల్లు. ఇదిగో వీడు పండు, మా కుక్క, ల్యాబ్ క్రాస్, అంటే లాబ్రడార్ కలిసిన జాతి, ఆరేళ్ళు నిండాయి. నేను డాక్టర్ని కాదండి, అది ముందే చెప్పేస్తున్నా, కానీ పదకొండేళ్ళు కుక్కల క్లినిక్‌లో డాక్టరుగారి పక్కన నిలబడి, ఆయన సూది వేసేటప్పుడు కుక్కని పట్టుకునే పని చేశాను. కరిపించుకోకుండా పట్టుకోవాలంటే ముందు దాని మొహం చదవడం రావాలి, అదే ఈరోజు చూపిస్తాను.

ఇప్పుడే ఎందుకంటే, పోయిన నెల మా పక్క వీధిలో ఒక చిన్న గుంటకి, అదే చిన్నపాపకి, బుగ్గ మీద కుక్క కరిచింది. వీధికుక్క కాదండి, ఇంట్లో మూడేళ్ళ నుంచి పెంచుకుంటున్నదే. ఎవర్ని అడిగినా ఒకటే మాట, "ఏటీ లేదండీ, ఉన్నట్టుండి కరిచేసింది" అని. ఆరోజు పాప పుట్టినరోజు, ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు, ఆ వీడియో అడిగి తీసుకుని స్లోగా పెట్టి పదిసార్లు చూశాను. పాప కుక్క మెడ చుట్టూ చేతులేసి మొహం దగ్గర మొహం పెట్టి ఫొటోకి నవ్వుతోంది, చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు. కుక్క అప్పటిదాకా నోరు తెరిచి రొప్పుతూ ఉంది కదా, ముందు ఆ నోరు మూసేసింది. తర్వాత నాలిక ఒక్కసారి ముక్కు మీదకి తీసి నాక్కుంది, అక్కడ తిండేమీ లేదు. తర్వాత మొహం అటు పక్కకి తిప్పేసుకుంది. పాప మళ్ళీ ఇటు లాక్కుంది, అప్పుడు కళ్ళ పక్కన తెల్లగుడ్డు నెలవంకలాగ కనిపించింది, మొహం అటు, చూపు ఇటు. చివర్లో ఒక్క క్షణం కట్టెలాగ బిగుసుకుపోయింది. ఐదుసార్లు చెప్పిందండి, వదలమ్మా వదలమ్మా అని. ఆ గదిలో ఉన్న పెద్దోళ్ళు ఒక్కరికీ అది అర్థం కాలేదు. పాపని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఇప్పుడు బాగానే ఉంది, కానీ ఆ వీడియో చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, ఇప్పుడు పండుని చూడండి. ఒరేయ్, కొంచెం కిందకి కూర్చుని తియ్యి, వాడి మొహం కనబడాలి. ఇప్పుడు నోరు వదులుగా తెరిచి ఉంది, నాలిక పక్కకి వేలాడుతోంది, చెవులు మామూలుగా ఉన్నాయి, తోక నడుముతో సహా ఊగుతోంది. ఇది హాయిగా ఉన్న కుక్క. ఇప్పుడు నేను కావాలని వాడి మీదకి వంగుతున్నా, రెండు సెకన్లే, చూడండి చూడండి, నోరు మూశాడు, మూతి నాక్కున్నాడు. లేచిపోయాను. మళ్ళీ నోరు తెరిచాడు, ఒళ్ళంతా ఒకసారి దులుపుకున్నాడు, తడి లేకపోయినా అలగ దులుపుకుంటే టెన్షన్ దింపుకున్నట్టు. ఆరేళ్ళు నాతో ఉన్నవాడికే పైనుంచి మీదకి వంగితే ఇబ్బంది అనిపిస్తే, కొత్త మనిషి వంగితే ఎలగుంటుందో చూడండి.

తోక గురించి ఒక పెద్ద పొరపాటు ఉంది. తోక ఊపుతోంది కదా ఏమీ అనదులే అని చెయ్యి పెట్టేస్తారు. వదులుగా, వెడల్పుగా, నడుం తిప్పుతూ ఊపితే సంతోషం. తోక కర్రలాగ నిటారుగా పైకెత్తి, చివర మాత్రమే గబగబా ఆడుతుంటే, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటే, అక్కడ నుంచి మెల్లగా వెనక్కి రండి. కాళ్ళ మధ్యలోకి తోక ముడిచిందంటే భయం, భయపడ్డ కుక్క పారిపోడానికి దారి లేకపోతే అది కూడా కరుస్తుంది. మన పెద్దోళ్ళు మొరిగే కుక్క కరవదు అంటారు, ఆ సామెత నమ్ముకుని కరిపించుకుని క్లినిక్ పక్కనున్న ఆసుపత్రికి పరిగెత్తినోళ్ళని నేను చాలామందిని చూశాను.

గుర్రుమనడం. దీని మీద కొంచెం సేపు మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తున్నారు. కుక్క గుర్రుమంటే ఒక్కటేస్తారు, నా మీదే గుర్రుమంటావా అని. కొట్టగా కొట్టగా అది గుర్రుమనడం మానేస్తుంది, కానీ లోపల భయం ఎక్కడికీ పోలేదు కదండీ. వంట గ్యాస్‌కి వాసన ఎందుకు కలుపుతారు, లీకైతే తెలియాలని. ఆ వాసన తీసేస్తే ఏటవుద్ది? ఇదీ అంతే. గుర్రుమనొద్దని నేర్పించిన కుక్క తర్వాతసారి హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తుంది. గుర్రుమంటే మీరు చెయ్యాల్సింది ఆగడం, దూరం జరగడం, ఎందుకు అన్నదో ఆలోచించడం. గిన్నె దగ్గరకి వెళ్ళావా, పడుకున్నదాన్ని తట్టావా, ఎక్కడైనా నొప్పి ఉన్నచోట ముట్టుకున్నావా.

పిల్లలున్న ఇళ్ళకి నేను చెప్పేది, తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లలకి పాలిస్తున్నప్పుడు కుక్క జోలికి పోవద్దు. నిమరాలనుకుంటే పక్కగా కూర్చుని, అదే వచ్చి వాసన చూసేదాకా ఆగి, గెడ్డం కిందో ఛాతీ మీదో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యండి. ఇంకా కావాలంటే అదే దగ్గరకొచ్చి చేతి కింద తల పెడుతుంది. ఇదిగో, పండు పెట్టాడు చూడండి. పెట్టకపోతే చాలు అన్నట్టు.

ఇప్పుడు రోడ్డు మీద కుక్కలు. రాత్రి పది దాటాక కాంప్లెక్స్‌లో బస్సు దిగి బండి మీద ఇంటికి వెళ్ళేవాళ్ళకి ఈ బాధ తెలుసు. చిత్త కార్తె కుక్కలు అని తిట్టుకుంటాం కదా, ఆ మాటలో నిజం ఉందండి. అక్టోబర్ మధ్యలో వస్తుంది ఆ కార్తె, వీధికుక్కలు ఎక్కువగా జతకట్టేది ఆ రోజుల్లోనే, మగకుక్కలన్నీ గుంపుగా తిరుగుతాయి. కుక్క కడుపుతో ఉండేది దాదాపు 63 రోజులు, అంటే డిసెంబర్‌లో ఈనుతుంది, సంక్రాంతికి పిల్లలు కాలవగట్టు మీదకీ రోడ్డు మీదకీ వచ్చేస్తాయి. ఆ రోజుల్లో తల్లికుక్క మీ బండి వెంట పడిందంటే మీ మీద పగతో కాదు, పిల్లలు చక్రం కింద పడతాయని. స్పీడు పెంచకండి, పెంచి కింద పడ్డవాళ్ళే ఎక్కువ. స్లో చెయ్యండి, అవసరమైతే ఆపెయ్యండి, చాలాసార్లు అక్కడితో వదిలేస్తాయి. నడిచి వెళ్తుంటే పరిగెత్తొద్దు, చేతులు ముందు కట్టుకుని, కళ్ళలోకి చూడకుండా చెట్టులాగ నిలబడండి, అది వాసన చూసి వెళ్ళాక మెల్లగా కదలండి.

మంచి కుక్క ఒక్కసారిగా మారిపోతే పొగరెక్కింది అనుకోకండి, ఇది నా తప్పు నుంచే చెప్తున్నా. మూడేళ్ళ కింద జులైలో పండు తల నిమరబోతే నా మీద గుర్రుమన్నాడు. నేను గట్టిగా అరిచాను, రెండు రోజులు మాట్లాడలేదు కూడా. మూడో రోజు తల ఒక పక్కకి వంచి నడుస్తుంటే అప్పుడు చెవి ఎత్తి చూశాను. ఒరేయ్ దగ్గరగా రా. ఇదిగో ఈ చెవి మడత ఇలగ మెల్లగా పైకెత్తాలి. ఇప్పుడు లోపల లేత గులాబీ రంగులో పొడిగా ఉంది, వాసన లేదు. ఆరోజు ఎర్రగా వాచి, కాఫీపొడి తడిసినట్టు గోధుమరంగు జిగురు, పులిసిన వాసన. వేలాడే చెవులు, మన ఉక్కపోత, స్నానం చేయించి సరిగ్గా తుడవకపోవడం, ఈ మూడూ కలిస్తే చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చేస్తుంది. నొప్పితో ఉన్నవాణ్ణి నేను తిట్టాను అని ఇప్పటికీ బాధే. వారానికోసారి చెవి చూడండి, స్నానం అయ్యాక పొడి గుడ్డతో బయటవైపు తుడవండి, ఇయర్‌బడ్ మాత్రం లోపలికి పెట్టొద్దు. వాసన వస్తే డాక్టరు దగ్గరకే, కొబ్బరినూనె పోసి ఊరుకోకండి.

ఎండ సంగతి. కుక్కకి మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు, అరికాళ్ళ దగ్గర కొంచెం అంతే, మిగతాదంతా రొప్పడమే. నాలిక మీద తడి ఆరితేనే చల్లబడుతుంది, మన సముద్రం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ తడి తొందరగా ఆరదు. అందుకే 36 డిగ్రీలే కదా అనుకోవద్దు, ఉక్క ఉన్నరోజు ఆ 36 కూడా ఎక్కువే. సాయంత్రం నడకకి ముందు మీ చెయ్యి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచండి, ఉంచలేకపోతే దాని కాళ్ళు కూడా కాలతాయి. కళింగపట్నం బీచ్‌కి మధ్యాహ్నం తీసుకెళ్ళకండి, ఆ ఇసక పెనంలాగ ఉంటుంది. ఆగకుండా రొప్పుతూ, చిగుళ్ళు బాగా ఎర్రబడి, చొంగ చిక్కగా కారి, తూలుతుంటే వడదెబ్బ. నీడకి తెచ్చి మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోసి, ఫ్యాన్ పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరకి. కిటికీలు మూసిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలొద్దు.

వంటింట్లో చూసుకోవాల్సినవి గబగబా చెప్పేస్తాను. నిన్నటి చికెన్ కూర అన్నంలో కలిపి పెడతాం కదా, అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని పాడు చేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం, పరమాన్నంలో కిస్‌మిస్ కూడా. చాక్లెట్ వద్దు, షుగర్ లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ అయితే ఇంకా ప్రమాదం. ఉడికిన కోడి ఎముక సూదుల్లాగ విరిగి పేగులో గుచ్చుకుంటుంది. జ్వరంగా ఉందని మన పారాసిటమాల్ మాత్ర వేసేవాళ్ళున్నారు, దయచేసి వెయ్యకండి, పిల్లికైతే ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. పిడుదులు, అదే గోమార్లు, వాటికి కిరసనాయిలు, పొలానికి కొట్టే మందు పూయొద్దు, కుక్క నాక్కుంటుంది. బరువు చెప్తే డాక్టరే మందు ఇస్తారు. పిడుదులు పట్టిన కుక్క తిండి మానేసి, చిగుళ్ళు తెల్లగా పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తే ఆలస్యం చెయ్యకుండా రక్తపరీక్ష చేయించాలి.

చివరగా రేబిస్, దీన్ని మాత్రం స్కిప్ చెయ్యకండి. లక్షణాలు బయటపడ్డాక దీనికి మందు లేదు, మనిషి దక్కడం దాదాపు ఉండదు. కానీ కరిచిన వెంటనే చేసుకుంటే పూర్తిగా ఆపగలిగిన జబ్బు, అదే నాకు బాధ. కరిచినా, గోరు గీరి రక్తం చిమ్మినా, పుండు మీద నాకినా, ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుని. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. తర్వాత ఆరోజే ఆసుపత్రికి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని ఇంకా భయపడుతున్నారు, అది పాతకాలం మాట, ఇప్పుడు చేతికే వేస్తారు. మొదలుపెట్టిన రోజుని 0 అని లెక్కేసి 0, 3, 7, 28 రోజుల్లో చర్మంలోకి, కండకి వేసే పద్ధతైతే 14వ రోజు కూడా ఉంటుంది. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ సీరం, అంటే రేబిస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే మందు, అది కూడా వేస్తారు, అందుకే మొహం, తల, వేళ్ళ మీద కరిస్తే అసలు ఆగకండి. పథ్యం ఏమీ లేదు, గర్భిణీలకీ పసిపిల్లలకీ కూడా వేస్తారు. కుక్క పది రోజులు బతుకుతుందేమో చూసి అప్పుడు వెళ్దాం అనుకోవద్దు, ముందు సూది మొదలుపెట్టి పక్కనుంచి కుక్కని గమనించండి. చిన్న కుక్కపిల్ల గీరింది, దానికేముందిలే అనుకోవద్దు, పిల్లకి కూడా రేబిస్ ఉండొచ్చు.

ఇంకొక్కటి, క్లినిక్‌లో చూసి భయపడ్డది. కుక్క దవడ కిందకి జారిపోయి, చొంగ కారుతూ, మింగలేకపోతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందని ఇంటివాళ్ళు నోట్లో చెయ్యి పెట్టేస్తారు. రేబిస్‌లో ఒక రకం అచ్చం అలాగే ఉంటుంది. చెయ్యి పెట్టొద్దు, దూరంగా కట్టేసో గదిలో పెట్టో డాక్టర్ని పిలవండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962.

మీ కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు రాకుండా మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు వచ్చేదాకా, మూడు నెలలకి రేబిస్ టీకా, మళ్ళీ ఏడాదికి. నులిపురుగుల మందు పెద్దయ్యాక మూడు నెలలకోసారి. కార్డు ఫ్రిజ్ మీద అంటించుకోండి, నాది ఇక్కడే ఉంది, చూపించరా. ఆ, డేటు కనబడుతోంది కదా.

అదిగో, పండు ఆవలించాడు, మూతి నాక్కున్నాడు, మొహం గేటు వైపు తిప్పేశాడు. నిద్ర కాదండి అది, ఇక చాలు అంటున్నాడు. సరే నాన్నా, అయిపోయింది. ఆపెయ్ రా.