కంప్లయింట్ మూసేశారు, నెట్ మాత్రం రాలేదు

అందరికీ నమస్కారం.

"మీ ఫిర్యాదు పరిష్కరించాం" అని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఇంట్లో చూస్తే బాక్సు మీద ఎర్ర లైటు అలాగే కొట్టుకుంటూ ఉంటుంది. మళ్లీ కాల్ చేస్తే కొత్త నంబరు ఇస్తారు, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా అపార్ట్‌మెంట్లలో వినపడే బాధ ఇదే. "నెట్ రావట్లేదు" అని మాత్రమే రాసిన ఫిర్యాదును మూసేయడం చాలా సులువు. ఎక్కడ పోయింది, ఎంత పోయింది అని అంకెతో సహా రాస్తే అంత తేలిగ్గా మూయలేరు. ఆ అంకెలు మీ ఇంట్లోనే దొరుకుతాయి, ఎలాగో చూద్దాం.

ముందు లైన్ దారి తెలియాలి. కంపెనీ ఎక్స్ఛేంజి నుంచి ఒక ఫైబర్, అంటే నెట్‌ను వెలుతురు రూపంలో మోసే సన్నటి గాజు తీగ, మీ ఏరియాకు వస్తుంది. అక్కడ స్ప్లిటర్ అనే చిన్న పెట్టెలో దాని వెలుతురును 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అక్కడి నుంచి సన్నటి డ్రాప్ కేబుల్ మీ ఇంట్లో ఆ వెలుతురును నెట్‌గా మార్చే ఓఎన్‌టీ బాక్సుకు చేరుతుంది. చాలా ఇళ్లలో వైఫై రౌటర్ కూడా ఆ బాక్సులోనే ఉంటుంది. అంటే బయటి ఫైబర్, బాక్సు, ఇంటి వైఫై అని మూడు చోట్లు. తప్పు ఏ చోట ఉందో తేల్చకుండా బాక్సు ఆపి ఆన్ చేస్తూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి.

బాక్సు మీద ఎల్ఓఎస్ (LOS) అన్న లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదని అర్థం. రీస్టార్ట్ చేసినా, పాస్‌వర్డ్ మార్చినా ఫలితం ఉండదు. కస్టమర్ కేర్ వాళ్లు రీసెట్ బటన్ నొక్కమంటే మాత్రం నొక్కకండి. లోపలి సెట్టింగ్స్ పోతే రెండో సమస్య మొదలవుతుంది. ఎల్ఓఎస్ ఆరిపోయి పాన్ (PON) లైటు ఆగకుండా మెరుస్తుంటే, వెలుతురు వస్తోంది కానీ బాక్సు ఎక్స్ఛేంజితో కలవడం లేదు. సిగ్నల్ మరీ బలహీనంగా ఉండొచ్చు, లేదా బాక్సు అక్కడ నమోదై ఉండకపోవచ్చు. రెండు లైట్లూ సరిగ్గా ఉండి నెట్ రాకపోతే లాగిన్‌లోనో, బిల్లులోనో, కంపెనీ లోపలి నెట్‌వర్క్‌లోనో చూడాలి. ఫిర్యాదులో ఏ లైటు ఏ రంగులో ఎలా ఉందో రాసి, ఫొటో జత చేయండి.

అన్నిటికంటే విలువైన అంకె ఆర్‌ఎక్స్ (Rx) పవర్, అంటే మీ బాక్సుకు చేరే వెలుతురు బలం. దాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. బాక్సు వెనుక స్టిక్కర్ మీద అడ్రసు, లాగిన్ ఉంటాయి. బ్రౌజర్‌లో అది తెరిస్తే ఆప్టికల్ సమాచారం అన్న పేజీ కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు ఆ పేజీకి తాళం వేస్తాయి. అప్పుడు వచ్చిన టెక్నీషియన్‌ని పవర్ మీటర్‌తో కొలిచి చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే దిగులు లేదు. మైనస్ 27 దగ్గరికి వస్తే లైన్ అంచు మీద ఉన్నట్టే, కాసేపు వచ్చి కాసేపు పోతుంది. ఇలాంటి లైనే మనుషుల్ని ఎక్కువ విసిగిస్తుంది, ఎందుకంటే టెక్నీషియన్ వచ్చిన పది నిమిషాలు బాగానే పనిచేస్తుంది. మూడు డీబీ తగ్గితే వెలుతురు సగమైనట్టు. కొత్తగా కనెక్షన్ పెట్టిన రోజే ఈ అంకె రాసి పెట్టుకోండి. మైనస్ 19 ఉండేది మైనస్ 26 అయిందని చూపిస్తే లైన్ బాగుందని ఎవరూ అనలేరు.

ఎందుకు తగ్గుతుందంటే చాలాసార్లు కారణం కళ్ల ముందే ఉంటుంది. కిటికీ మూలలో కేబుల్‌ని లంబకోణంలో మడిచి మేకు కొడతారు. మామూలు ఫైబర్‌ని 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా చుడితే వెలుతురు బయటికి జారిపోతుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం కనెక్టర్‌తో కలిపితే కూడా అంతే. ఆకుపచ్చదాని చివర వాలుగా చెక్కి ఉంటుంది, నీలం దానితో సరిగా ఆనదు. దుమ్ము మరో కారణం. కనెక్టర్ ఊడదీసి నోటితో ఊదకండి, వేలితో తుడవకండి. వెలుగుతున్న ఫైబర్ చివరలోకి చూడనే చూడకండి, ఆ కాంతి కంటికి కనపడదు.

బయట సంగతి మన నగరంలో మరీ ఘోరం. కేబుళ్లు కరెంటు స్తంభాల మీద గుత్తులుగా వేలాడుతుంటాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ శాఖ స్తంభాల మీది కేబుళ్లను కోసేయడం మొదలుపెడితే ఎన్నో కాలనీల్లో నెట్ ఆగిపోయింది. ప్రాణాల కంటే నెట్ ముఖ్యం కాదు, ఆ కేబుళ్లు తీయాల్సిందే. అయితే తెగిన ఫైబర్‌ని స్ప్లైసింగ్ మెషిన్‌తో, అంటే గాజు చివరలను కరిగించి కలిపే యంత్రంతో, అతకాలి. హడావుడిగా చేత్తో బిగించే కనెక్టర్లతో ముడిపెట్టి వెళ్లిపోతే నష్టం పెరుగుతుంది. "స్ప్లైసింగ్ చేశారా, చేశాక పవర్ ఎంత వచ్చింది?" అని అడగడం మీ హక్కు.

ఇప్పుడు స్పీడ్. వైఫై మీద కొలిచిన స్పీడ్‌ను ఫిర్యాదులో పెడితే "మీ గోడలు అడ్డం" అంటారు, అందులో నిజమూ ఉంది. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ తీగతో బాక్సుకు కలిపి, మిగతా ఫోన్లూ టీవీలూ ఆపి కొలవండి. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి ప్రతిసారీ 94 దగ్గరే ఆగితే లైన్‌ని అనుమానించకండి. తీగలోని ఎనిమిది వైర్లలో ఒకటి తెగి ఉంటుంది, లేదంటే ఆ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది. వేరే క్యాట్ 5ఈ తీగతో చూస్తే తేలుతుంది. పగలు బాగుండి రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య పడిపోతుంటే ఏరియాలో రద్దీ. అది కంపెనీ సామర్థ్యం పెంచితేనే పోతుంది. ఉదయం, రాత్రి కొలిచిన స్క్రీన్‌షాట్లు టైముతో సహా పక్కపక్కన పెట్టండి.

ఇక కంప్లయింట్. ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు గుర్తింపు నంబరు, ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనలు చెబుతున్నాయి. ఫోన్‌లో చెప్పినదాన్నే ఈమెయిల్‌లోనూ పంపండి. ఫిర్యాదు మూయడానికి టెక్నీషియన్ ఓటీపీ అడిగితే, తీగతో కొలిచి చూసుకున్నాకే చెప్పండి. మర్యాదగా చెప్పండి, గడువులోగా టికెట్ మూయాలన్న ఒత్తిడి ఆ అబ్బాయి మీదా ఉంటుంది. అయినా ఆ ఓటీపీ మీ సంతకంతో సమానం. "రేపు వచ్చి చేస్తాను, ఇప్పుడు చెప్పండి" అంటే ఒప్పుకోకండి. చేయకుండా మూసేస్తే, కొత్త ఫిర్యాదుతో పాటు పాత డాకెట్ నంబరు కూడా రాయించండి. లేకపోతే పది రోజుల సమస్య లెక్కల్లో విడివిడి ఒక్కరోజు సమస్యలుగా కనిపిస్తుంది. ఎన్ని రోజులు ఆగిందో ఆ రోజులకు బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ అయితే గడువు పొడిగింపు రాతపూర్వకంగా అడగండి.

పని జరగకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా అప్పీలు పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి రాసినా వ్యక్తిగత ఫిర్యాదును అది విచారించదు, కంపెనీకే పంపుతుంది. అంతకంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం మేలు.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలు అక్కడికి రావన్న వాదన ఒకప్పుడు ఉండేది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కారణం ఏర్పడిన రెండేళ్లలోగా. చెల్లించిన మొత్తం ఐదు లక్షలు దాటకపోతే ఫీజు కట్టక్కర్లేదు, లాయరు తప్పనిసరి కాదు. బిల్లులు, డాకెట్ నంబర్లు, లైట్ల ఫొటోలు, ఆర్‌ఎక్స్ పవర్ రీడింగులు, స్పీడ్ స్క్రీన్‌షాట్లు, "పరిష్కరించాం" అన్న మెసేజ్‌లు తేదీల వరుసలో జత చేయండి. ఆ మెసేజ్ వచ్చిన టైముకు ఎర్ర లైటు వెలుగుతున్న ఫొటో ఉంటే దాన్ని అన్నిటికంటే పైన పెట్టండి.