గది తిరగలేదు, చెవిలో రేణువులు తిరిగాయి

అందరికీ నమస్కారం. ఇవాళ తల తిరగడం గురించి, దానికీ డి విటమిన్‌కూ ఉన్న సంబంధం గురించి మాట్లాడతాను.

రాత్రి మంచం మీద ఇటు నుంచి అటు తిరిగేసరికి గదంతా గిర్రున తిరిగిందని చెప్పేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. కొందరు బీపీ అనుకుంటారు, కొందరు మెడ ఎముకలు అరిగాయనుకుంటారు. పక్షవాతమేమోనని టెన్షన్ పడి తెల్లవార్లూ కూర్చునేవాళ్లూ ఉన్నారు. ఎంతసేపు తిరిగిందని అడిగితే "గంటసేపండీ" అంటారు. నిదానంగా అడిగితే తేలేదేమిటంటే, తిరిగింది అర నిమిషం, మిగతాదంతా భయం.

చెవి అనగానే మనకు వినికిడే గుర్తొస్తుంది. కానీ లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగం కూడా ఉంది. అక్కడ యూట్రికిల్ అనే చిన్న సంచిలో జిగురు పొర, దాని మీద వేలకొద్దీ సన్నటి రేణువులు ఉంటాయి. గుడ్డు పెంకులో ఉండే కాల్షియం కార్బొనేటే వీటిలోనూ ఉంటుంది. తల వంచితే వాటి బరువుకు జిగురు పొర జరుగుతుంది, మెదడుకు కబురు వెళ్తుంది. వయసు మీద పడేకొద్దీ ఈ రేణువులు గుంటలు పడి, పెళుసై, ఊడిపోతుంటాయి. ఊడినవి పక్కనున్న అర్ధవృత్తాకార నాళంలోకి జారితే, మనం పక్కకు తిరిగినప్పుడల్లా అక్కడి ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా, ఇంకా తిరుగుతూనే ఉందని మెదడు అనుకుంటుంది. దీన్నే బీపీపీవీ అంటాం.

మరి డి విటమిన్ ఎక్కడొచ్చింది? రేణువులు కాల్షియంతో తయారైనవి, కాల్షియం లెక్క చూసేది డి విటమిన్. వయసుతో చర్మంలో దాని తయారీ తగ్గుతుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఎండ తగిలినట్టే ఉంటుంది గానీ, కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది.

దక్షిణ కొరియాలో దాదాపు వెయ్యిమంది బీపీపీవీ రోగులతో చేసిన పరిశోధన 2020లో వెలువడింది. మాత్రలిచ్చే వర్గంలో, రక్తంలో డి విటమిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువున్నవాళ్లకు రోజుకు రెండుసార్లు 400 యూనిట్ల డి విటమిన్, 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ ఏడాదిపాటు ఇచ్చారు. రెండో వర్గంతో పోలిస్తే జబ్బు తిరగబెట్టడం సుమారు 24 శాతం తగ్గింది. రెండో వర్గానికి ఉత్తుత్తి మాత్రలు ఇవ్వలేదు కాబట్టి ఈ అంకెను నేను కాస్త జాగ్రత్తగానే చూస్తాను. అయినా లోపం ఉన్నవాళ్లకు పనికొచ్చే మాటే.

ఇది విని ఇవాళే మందుల షాపుకు వెళ్లకండి. ఊడిన రేణువును మాత్ర వెనక్కి తేలేదు. తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పే ఎప్లీ పద్ధతే తెస్తుంది. ఇక మోతాదు సంగతి. వయసు మళ్లిన మహిళలకు ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన పరిశోధన 2010లో వచ్చింది. వాళ్లు తక్కువ పడతారనుకుంటే ఎక్కువ పడ్డారు, ఎముకలూ ఎక్కువే విరిగాయి! కాబట్టి రక్తపరీక్ష, డాక్టరు సలహా ముందు, మాత్ర తరవాత. వయసుతో తగ్గే వినికిడి ఈ మాత్రలతో బాగుపడుతుందని చెప్పేంత ఆధారం మాత్రం లేదు.

తల తిరగడంతోపాటు మాట తడబడినా, ముఖం వంకరపోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా చెవి సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మెడనొప్పి లేనివాళ్లు ఎవరైనా ఒకరు ముందుకు రండి. ఎప్లీ ఎలా చేస్తారో ఈ బల్ల మీదే చూపిస్తాను.