1989లో ఫ్లెయిర్, స్టీమ్‌బోట్ ఆడిన మూడు మ్యాచ్‌లు: ఏ మ్యాచ్‌కు ఎన్ని స్టార్లు?

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ వీడియోలో 1989లో అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లర్లు రిక్ ఫ్లెయిర్, రికీ స్టీమ్‌బోట్‌ల మధ్య ఎన్‌డబ్ల్యూఏ (నేషనల్ రెజ్లింగ్ అలయన్స్) ప్రపంచ హెవీవెయిట్ బెల్ట్ కోసం జరిగిన మూడు మ్యాచ్‌లను వరుసగా సమీక్షించి, ఒక్కొక్క దానికి ఐదు స్టార్లకు నా మార్కులు ఇస్తాను. మొదటిది ఫిబ్రవరి 20న షికాగోలో, రెండవది ఏప్రిల్ 2న న్యూ ఓర్లీన్స్‌లో, మూడవది మే 7న నాష్‌విల్‌లో జరిగింది. అంటే మూడు నెలలు కూడా నిండకుండానే మూడు మ్యాచ్‌లూ ముగిశాయి. కుస్తీ పత్రికా రచయిత డేవ్ మెల్ట్‌జర్ తన వార్తాపత్రికలో ఈ మూడింటికీ సమానంగా ఐదేసి స్టార్లు ఇచ్చారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయినా మూడూ సమానమని మాత్రం నేను ఒప్పుకోలేను. వీటిలో ఒకటి మిగిలిన రెండింటి కంటే స్పష్టంగా మెరుగైనది, దానికి కారణం ఒక చిన్న పట్టు.

మన తెలుగు ప్రేక్షకుల్లో చాలామందికి రిక్ ఫ్లెయిర్ అంటే 2000ల తరువాత టీవీలో ట్రిపుల్ హెచ్ పక్కన సూటు వేసుకుని తిరిగిన, తెల్లటి జుట్టున్న పెద్దాయనగానే గుర్తు. రికీ స్టీమ్‌బోట్ అయితే 2009 రెజిల్‌మేనియాలో 56 ఏళ్ల వయసులో క్రిస్ జెరికో మీద చేయి పట్టి విసిరేసే ఆర్మ్ డ్రాగ్‌లు వేసి అందరినీ ఆశ్చర్యపరిచిన పాతకాలపు ఆటగాడు. వాళ్లిద్దరూ పూర్తి స్థాయిలో ఉన్నప్పుడు ఎలా ఆడేవారో తెలుసుకోవాలంటే ఈ మూడు మ్యాచ్‌లే చూడాలి. షికాగో మ్యాచ్ జరిగిన రోజుకు ఫ్లెయిర్‌కు నలభై నిండడానికి ఐదు రోజులే ఉంది, స్టీమ్‌బోట్‌కు ముప్పై ఆరు నిండడానికి ఎనిమిది రోజులు ఉంది. ఇద్దరూ 1970ల చివర్లోనే కరొలినా ప్రాంతపు ఊళ్లలో లెక్కలేనన్నిసార్లు తలపడినవారు కాబట్టి, ఒకరి అడుగు ఎటు పడుతుందో ఇంకొకరికి చూడకుండానే తెలుసు.

మార్కుల్లోకి వెళ్లేముందు నా కొలమానం చెబుతాను. ఇది ఫలితం ముందే నిర్ణయమై ఉండే ఆట. కాబట్టి ఎవరు గెలిచారన్నది నాకు లెక్క కాదు. తగిలిన దెబ్బను ఆటగాడు చివరిదాకా గుర్తుపెట్టుకున్నాడా, మోకాలు దెబ్బతిన్నవాడు పది నిమిషాల తరువాత కూడా ఆ కాలి మీద బరువు వెయ్యడానికి వెనకాడుతున్నాడా, ముగింపు అంతకుముందు జరిగిన దానిలోనుంచే పుట్టిందా అన్నవే నేను చూస్తాను. ఎత్తు నుంచి దూకడాలకూ ఎగరడాలకూ నా దగ్గర విడిగా మార్కులు లేవు.

ఈ ఇద్దరి ఆటతీరు గురించి ఇంకొక మాట. స్టీమ్‌బోట్‌కు అంతకు రెండేళ్ల ముందే, 1987లో మూడవ రెజిల్‌మేనియాలో ర్యాండీ సావేజ్‌తో గొప్ప మ్యాచ్ పడింది. సావేజ్ ఆ మ్యాచ్‌లోని ప్రతి కదలికనూ ముందే కాగితం మీద రాసుకుని, వరుసలో కంఠస్థం చేయించిన సంగతి స్టీమ్‌బోట్ తరువాత చాలాసార్లు చెప్పాడు. ఫ్లెయిర్ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదలు, ముగింపు తెలిస్తే చాలు, మధ్యలో ఏం చెయ్యాలో రింగులోనే జనం అరుపులను బట్టి తేల్చుకునేవాడు. మన హరికథకులు సభ ఊపును చూసి పిట్టకథను ఎక్కడ పెట్టాలో, ఎంత సాగదీయాలో అక్కడికక్కడే నిర్ణయించుకున్నట్లుగా ఉంటుంది అది. ఎదుటివాడి తలను చంకలో బిగించే హెడ్‌లాక్ పట్టుకుని ఉన్నప్పుడు ఇద్దరి తలలూ దగ్గరగా ఉండడానికి కారణం కూడా అదే. తరువాతి కదలికలు చెవిలో చెప్పుకునేది అప్పుడే.

ఇక షికాగో మ్యాచ్. అక్కడి యూఐసీ పెవిలియన్‌లో జనం మొదటి నిమిషం నుంచీ నిలబడే ఉన్నారు. పాత్రల చిత్రణ చాలా సూటిగా ఉంటుంది. ఫ్లెయిర్ మెరిసే అంగీలు, ఖరీదైన గడియారాలు, విమానాల గొప్పలు చెప్పుకునే ఛాంపియన్. స్టీమ్‌బోట్ భార్యాబిడ్డలతో వచ్చే కుటుంబీకుడు. ఇరవై మూడు నిమిషాలు దాటిన ఈ మ్యాచ్‌ను నడిపించింది మాత్రం చాప్‌లే. అరచేతిని చాచి ఎదుటివాడి రొమ్ము మీద కొట్టే ఆ దెబ్బలో నటన ఏమీ ఉండదు, చర్మం మీద చర్మం పడుతుంది. కెమెరా దగ్గరగా చూపించినప్పుడు ఇద్దరి రొమ్ములూ ఎర్రగా కందిపోయి కనబడతాయి. ఒకడు కొడితే రెండోవాడు రెండడుగులు వెనక్కి వెళ్లి, ఊపిరి పీల్చుకుని, తిరిగి వచ్చి అంతకంటే గట్టిగా కొడతాడు. అలా మార్చి మార్చి కొట్టుకుంటున్నప్పుడు జనం కేకల స్థాయి ఒక్కొక్క మెట్టూ పెరగడం చెవితో వినవచ్చు.

ముగింపు దగ్గర రిఫరీ టామీ యంగ్ వాళ్ల మధ్య నలిగి పడిపోతాడు. టాప్ రోప్ నుంచి స్టీమ్‌బోట్ దూకిన దూకుడు గురి తప్పుతుంది. అదే అదనుగా ఫ్లెయిర్ అతని కాలు పట్టుకుని కాళ్లను మెలిపెట్టి బిగించే తన ఫిగర్ ఫోర్ పట్టు వెయ్యడానికి వంగుతాడు. వంగిన ఆ క్షణంలో స్టీమ్‌బోట్ కింద నుంచి అతని మెడనూ కాలునూ కలిపి ముద్దలా చుట్టేసి స్మాల్ ప్యాకేజ్ పడతాడు. బయటి నుంచి రెండో రిఫరీ పరుగెత్తుకొచ్చి మూడు లెక్కపెడతాడు. ఆ రెండో రిఫరీ మీకు బాగా తెలిసిన మనిషే. చాలా ఏళ్ల తరువాత స్మాక్‌డౌన్‌లో జనరల్ మేనేజర్‌గా కనిపించిన టెడ్డీ లాంగ్.

బెల్ట్ చేతులు మారినప్పుడు ఆ హాలులో వచ్చిన హోరు నిజమైనది. కానీ రిఫరీని పడగొట్టి ఇంకొకరిని రప్పించడం అవసరం లేని మెలిక అని నా అభిప్రాయం. ఫ్లెయిర్‌కు తరువాత ఫిర్యాదు చేసుకోవడానికి ఒక సాకు ఉంచాలని అలా చేసి ఉంటారు. దాని వల్ల చివరి నిమిషంలో మన కళ్లు ఇద్దరు ఆటగాళ్ల మీద నుంచి పక్కకు మళ్లుతాయి. షికాగోకు నేను ఇచ్చే మార్కు నాలుగున్నర స్టార్లు.

న్యూ ఓర్లీన్స్ మ్యాచ్ జరిగిన రోజు సంగతి ముందు చెప్పాలి. ఈ మ్యాచ్‌లు నిర్వహించే జిమ్ క్రాకెట్ ప్రమోషన్స్ సంస్థను 1988 నవంబరులో టీవీ వ్యాపారి టెడ్ టర్నర్ కొనుగోలు చేశారు. ఆయన టీబీఎస్ ఛానెల్ ఈ మ్యాచ్‌ను సరిగ్గా పోటీ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారి ఐదవ రెజిల్‌మేనియా జరిగే రోజునే ఉచితంగా ప్రసారం చేసింది. అటు హల్క్ హోగన్, ర్యాండీ సావేజ్ డబ్బు కట్టి చూసే ప్రసారంలో ఉండగా, ఇటు కేబుల్ టీవీ ఉన్న ప్రతి ఇంటికీ ఈ మ్యాచ్ చేరాలన్నది వాళ్ల ఎత్తుగడ. అయితే సూపర్‌డోమ్ అంత పెద్ద స్టేడియంలో చాలా భాగం ఖాళీగానే మిగిలిపోయింది, ఆ లోటు మ్యాచ్ మొదట్లో శబ్దంలో తెలుస్తుంది. జిమ్ రాస్ పక్కన కామెంటరీకి టెరీ ఫంక్ కూర్చున్నాడు. ఆ పేరు గుర్తుంచుకోండి.

మూడు ఫాల్‌లలో, అంటే మూడు విడతల్లో, రెండు గెలిచినవాడిదే బెల్ట్, గంట గడువు. మొదటి ఫాల్ ఇరవై నిమిషాల దాకా సాగుతుంది, అందులో ఎక్కువ భాగం హెడ్‌లాక్‌లే. ఓపిక లేనివాళ్లు ఇక్కడే వీడియోను ముందుకు జరిపేస్తారు. దయచేసి జరపకండి. ఫ్లెయిర్ ప్రతిసారీ ఒక కొత్త దారిలో ఆ పట్టు నుంచి బయటపడబోవడం, స్టీమ్‌బోట్ ఆ దారిని మూసి తిరిగి అదే పట్టులోకి తీసుకురావడం గమనిస్తే అది నిలిచిపోయిన ఆట కాదని అర్థమవుతుంది. ఆ ఫాల్ ముగిసేది ఎలాగంటే, స్టీమ్‌బోట్ తనను పిన్ చెయ్యడానికి, అంటే మూడు లెక్కపెట్టేదాకా భుజాలను నేలకు ఆనించి ఉంచడానికి, చుట్టిన పట్టును ఫ్లెయిర్ తిరగదిప్పి, షికాగోలో తన మీద పడిన అదే స్మాల్ ప్యాకేజ్‌తో అతన్ని పడగొట్టేస్తాడు. కామెంటరీలో ఎవరూ పాఠం చెప్పినట్టు వివరించకపోయినా, షికాగో చూసినవారికి అది వెంటనే తగులుతుంది.

రెండవ ఫాల్‌లో ఫ్లెయిర్ స్టీమ్‌బోట్ కాలి మీద పడతాడు, ఫిగర్ ఫోర్ వేస్తాడు, స్టీమ్‌బోట్ ఎలాగో తాళ్ల దాకా చేరి బయటపడతాడు. అక్కడి నుంచి స్టీమ్‌బోట్ ఫ్లెయిర్ నడుమును లక్ష్యంగా పెట్టుకుని, చివరకు అతని రెండు చేతులనూ వీపు వెనక్కి విరిచి పైకెత్తే డబుల్ చికెన్‌వింగ్‌తో అతని చేత ఓటమి ఒప్పిస్తాడు. 1975లో విమాన ప్రమాదంలో ఫ్లెయిర్ వెన్ను విరిగిన సంగతి ఆనాటి అభిమానులకు తెలుసు కాబట్టి, ఛాంపియన్ల ఛాంపియన్ అనిపించుకున్న మనిషి నడుము నొప్పితో ఓటమి ఒప్పుకోవడం వాళ్లకు నమ్మదగిన విషయమే.

మూడవ ఫాల్ చివర్లో స్టీమ్‌బోట్ మళ్లీ అదే పట్టు వేస్తాడు. ఈసారి దెబ్బతిన్న కాలు బరువు మోయలేక వంగిపోతుంది. ఇద్దరూ వెల్లకిలా పడతారు. రెండు జతల భుజాలూ నేలను తాకుతాయి. స్టీమ్‌బోట్ చివరి క్షణంలో ఒక భుజం లేపుతాడు, ఫ్లెయిర్ లేపలేకపోతాడు. అప్పటికి యాభై ఐదు నిమిషాలు దాటాయి. రీప్లేలో ఫ్లెయిర్ కాలు తాడు కింద ఉన్నట్లు కనబడుతుంది, అంటే ఆ లెక్క చెల్లకూడదు, రిఫరీ మాత్రం చూడలేదు. కాలు వంగిపోవడం అద్భుతమైన ఆలోచన, ఇరవై నిమిషాల ముందు పడిన దెబ్బ అప్పుడు ఫలించింది. తాడు కింద కాలు మాత్రం తరువాతి మ్యాచ్ కోసం అతికించిన ముక్క. దానికి పావు స్టారు తగ్గించి నాలుగుముప్పావు ఇస్తున్నాను. యాభై ఐదు నిమిషాలు ఒక్క చోట కూడా జారకుండా ఆడినందుకు ఆ పావు కూడా ఇవ్వాలని నా మనసు లాగుతున్న మాట నిజమే, కానీ కొలమానం అందరికీ ఒకటే ఉండాలి.

నాష్‌విల్ మ్యాచ్ విషయంలో నిర్వాహకులు అప్పటిదాకా వచ్చిన సాకులన్నిటినీ ముందే మూసేశారు. గడువు ముగిసినా ఫలితం తేలాలని రింగు పక్కన ముగ్గురు న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టారు. లూ థెజ్, ప్యాట్ ఓకానర్, టెరీ ఫంక్, ముగ్గురూ మాజీ ప్రపంచ ఛాంపియన్లే. న్యాయనిర్ణేతలు ఉన్నారు కాబట్టి ఆటగాళ్లిద్దరూ ప్రతి పట్టునూ మార్కుల కోసం ఆడుతున్నట్లుగా, మొదటి పది నిమిషాలూ శుద్ధమైన కుస్తీలాగా నడుపుతారు. స్టీమ్‌బోట్ తన డబుల్ చికెన్‌వింగ్‌ను దృష్టిలో పెట్టుకుని ఫ్లెయిర్ చేతి మీద పని మొదలుపెడతాడు. మెలితిప్పడం, మోకాలితో తొక్కిపెట్టడం, వదిలినట్లే వదిలి మళ్లీ పట్టుకోవడం. ఇక్కడ ఫ్లెయిర్‌ను గమనించండి. ఆ చేత్తో చాప్ కొట్టిన ప్రతిసారీ కొట్టినవాడే చేతిని విదిలించుకుని భుజం పట్టుకుంటాడు. అలాంటి చిన్న పనిని మరిచిపోకుండా చెయ్యడాన్నే నేను గొప్ప సెల్లింగ్, అంటే దెబ్బ తగిలిందని జనాన్ని నమ్మించడం, అంటాను.

మ్యాచ్ మలుపు తిరిగేది స్టీమ్‌బోట్ టాప్ రోప్ ఎక్కినప్పుడు. తాడు ఊగడంతో అతను అదుపు తప్పి రింగు బయట నేల మీద పడి మోకాలు పట్టుకుంటాడు. దానితో ఫ్లెయిర్ ముఖంలో ఒక్కసారిగా వెలుగు వస్తుంది. అప్పటిదాకా బతిమాలుతూ వెనకడుగు వేసిన మనిషి వెంటనే ఆ కాలు మీద పడి, న్యూ ఓర్లీన్స్‌లో మొదలుపెట్టిన పనిని కొనసాగిస్తాడు, ఫిగర్ ఫోర్ వేస్తాడు. స్టీమ్‌బోట్ ఒప్పుకోడు, తాళ్ల దాకా పాకుతాడు, కుంటుతూ లేస్తాడు. ముప్పై ఒక నిమిషాలు దాటాక ఫ్లెయిర్‌ను ఎత్తి కింద వెయ్యబోతాడు. మామూలుగా అయితే అతనికి అది లెక్కలోకి రాని పని. మోకాలు మడత పడుతుంది, ఫ్లెయిర్ పైనుంచే అతని మెడను చుట్టేసి స్మాల్ ప్యాకేజ్ పట్టేస్తాడు. ఒకటి, రెండు, మూడు. ఒకే రిఫరీ, తాడు ఎక్కడా లేదు, సాకు లేదు.

షికాగోలో తన బెల్ట్‌ను పోగొట్టిన పట్టుతోనే ఫ్లెయిర్ దాన్ని తిరిగి తెచ్చుకున్నాడు. పైగా ఆ పట్టుకు చోటిచ్చిన కాలి మీద పని కూడా పోయిన మ్యాచ్‌లో మొదలైందే. పెద్ద పేరున్న ఫిగర్ ఫోర్ గానీ డబుల్ చికెన్‌వింగ్ గానీ కాకుండా, మామూలుగా మధ్యలో వృథాగా పోయే ఒక చిన్న పట్టు చేత ఇంత పెద్ద కథను ముగింపజేసిన మ్యాచ్ నేను ఇంకొకటి చూడలేదు. నాష్‌విల్‌కు సందేహం లేకుండా ఐదు స్టార్లు.

మ్యాచ్ ముగిశాక ఫ్లెయిర్‌ను అభినందించడానికి టెరీ ఫంక్ రింగులోకి వచ్చి, బెల్ట్ కోసం తనకూ ఒక అవకాశం ఇమ్మంటాడు. సినిమాల్లో ఉండి వచ్చిన నువ్వు ఇప్పటి ర్యాంకుల్లో లేవని ఫ్లెయిర్ మర్యాదగానే కాదంటాడు. దాంతో ఫంక్ అతని మీద పడి, బయట బల్ల మీద, తలకిందులుగా పట్టుకుని తలను గుద్దే పైల్‌డ్రైవర్ వేస్తాడు. చాలా బలమైన సన్నివేశం. కానీ అది మ్యాచ్‌లో భాగం కాదు కాబట్టి నా మార్కుల్లో దాన్ని కలపలేదు. దాని నుంచి పుట్టిన ఫ్లెయిర్, ఫంక్‌ల ఐ క్విట్ మ్యాచ్ (ఒకరు నోటితో ఓటమి ఒప్పుకునేదాకా సాగేది) అదే ఏడాది నవంబరు 15న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో జరిగింది, దానిని వచ్చే వీడియోలో విడిగా సమీక్షిస్తాను. ఈలోగా మీరు ఈ మూడింటినీ చూసేటట్లయితే జరిగిన వరుసలోనే, షికాగోతో మొదలుపెట్టి చూడండి. నాష్‌విల్‌కు నేను ఐదు స్టార్లు ఎందుకు ఇచ్చానో మొదటి రెండూ చూడనివారికి సగమే తెలుస్తుంది. మీ మార్కులు వేరుగా ఉంటే ఏ మ్యాచ్‌కు ఎంతో, ఎందుకో రాయండి.