వంతెన కంపనాల నమోదులో రొదను వేరుచేయడం

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, తిరుపతి, చిత్తూరు కళాశాలల నుంచి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం.

మన తిరుపతి గరుడ వారధి ఫ్లైఓవర్ మీదుగా ఒక బస్సు వెళ్లినా దాని శ్లాబు, గర్డర్లు సన్నగా కంపిస్తాయి. ఆ కంపనం కంటికి ఆనదు గానీ, గర్డరుకు త్వరణాన్ని కొలిచే సెన్సర్, అంటే యాక్సిలరోమీటర్ బిగిస్తే నమోదవుతుంది. కట్టడం సహజ పౌనఃపున్యం, అంటే అది తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది, దాని దృఢత్వాన్ని ద్రవ్యరాశితో భాగించగా వచ్చే విలువ వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, దృఢత్వం మొత్తంమీద 10 శాతం తగ్గినా పౌనఃపున్యంలో తగ్గేది సుమారు 5 శాతమే. ఒక్కచోట పగులు వస్తే ఆ తేడా ఇంకా చిన్నది. ఇంత చిన్న మార్పును వెదుకుతున్నాం గనుక, రొద, అంటే నమోదులో కలిసిపోయే అనవసర సంకేతం, పేరుతో మనం దేన్ని తీసేస్తున్నామో తెలిసి తీసేయాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ముందుగా రొద పుట్టే చోట్లు చూద్దాం. సెన్సర్ ఎలక్ట్రానిక్స్‌లో సహజంగా ఉండేది కొంత, వదులుగా వేలాడే కేబుల్ ఊగడం వల్ల వచ్చేది కొంత, రెండుచోట్ల ఎర్త్ చేసినందువల్ల వచ్చేది కొంత, దగ్గరలోని కరెంటు లైన్ల నుంచి చొరబడే 50 హెర్ట్జ్ రొద మరికొంత. ఈ చివరిదాని విషయంలో చాలా జాగ్రత్త అవసరం. వంతెనల ముఖ్యమైన పౌనఃపున్యాలు సాధారణంగా 10 హెర్ట్జ్ లోపే ఉంటాయి కదా అని సెకనుకు 45 నమూనాలతో, అంటే 45 సార్లు కొలవడంతో సరిపెట్టుకుంటే, 50 హెర్ట్జ్ రొద ఆ నమోదులో 5 హెర్ట్జ్ కంపనంగా ప్రత్యక్షమవుతుంది. చూడటానికి అది వంతెన సొంత కంపనంలాగే ఉంటుంది. అంకెలుగా మారిపోయాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని నమ్మకంగా విడదీయలేదు. అందుకే నమూనాలు తీయకముందే అనలాగ్ ఫిల్టర్ దాన్ని అడ్డుకోవాలి. సెన్సర్‌ను కాంక్రీటుకు గట్టిగా బిగించడం, కేబుల్‌ను కదలకుండా కట్టడం, ఒకేచోట ఎర్త్ చేయడం వంటి పనులు తర్వాత చేసే లెక్కలన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తాయని నా అభిప్రాయం. ఇక్కడున్న కంప్యూటర్ సైన్స్ మిత్రులు మన్నించాలి.

నమోదు చేతికొచ్చాక, ఏ పౌనఃపున్యాల దగ్గర రొద ఉందో తెలిస్తే మామూలు ఫిల్టర్ చాలు. అయితే ఫిల్టర్ సంకేతాన్ని కొంత ఆలస్యం చేస్తుంది కాబట్టి, అన్ని సెన్సర్లకూ ఒకే ఫిల్టర్ వాడకపోతే వంతెన కంపించే ఆకృతి తప్పుగా వస్తుంది. త్వరణం నుంచి స్థానభ్రంశం లెక్కగట్టేటప్పుడు చిక్కు మరీ ఎక్కువ. త్వరణం విలువలో సెకను వర్గానికి 0.01 మీటరు స్థిర దోషం ఉందనుకోండి. రెండుసార్లు సమాకలనం చేసేసరికి 10 సెకన్లలోనే అది అర మీటరు అవుతుంది. కొన్ని మిల్లీమీటర్లు కదిలే గర్డరు అర మీటరు కుంగినట్టు గ్రాఫ్ చూపిస్తుంది! నిదానంగా మారే భాగాన్ని ఫిల్టర్‌తో తీసేస్తే ఆ దోషం పోతుంది, కానీ బరువుకు గర్డరు నిజంగా వంగిన మేర కూడా దాంతోపాటే పోతుంది.

క్షణకాలం మెరిసి మాయమయ్యే సంకేతాలకు మామూలు ఫిల్టర్ పనికిరాదు. పగులు తెరుచుకుని మూసుకున్నప్పుడు కలిగే చిన్న అదురును అది చదును చేసేస్తుంది. అక్కడ సంకేతాన్ని పొట్టి అలల తునకలుగా విడదీసి చూసే వేవ్‌లెట్ పద్ధతి మెరుగు. గణాంక శాస్త్రవేత్తలు డోనోహో, జాన్‌స్టన్ 1994లో ప్రతిపాదించిన విధానంలో రొద ప్రామాణిక విచలనాన్ని, నమూనాల సంఖ్య సంవర్గమానాన్ని బట్టి ఒక హద్దు నిర్ణయించి, దానికి లోబడిన గుణకాలను, అంటే ఆ తునకల పరిమాణాలను సున్నా చేస్తారు. రొద యాదృచ్ఛికమైనదని, అన్ని పౌనఃపున్యాల్లోనూ సమానంగా ఉందని ఆ హద్దు భావిస్తుంది. వాస్తవంలో అలా ఉండదు గనుక, హద్దు మరీ పెంచితే చాటలో చెరిగేటప్పుడు తవుడుతోపాటు నూకలూ ఎగిరిపోయినట్టు, పగులు జాడ కూడా పోతుంది. పైగా, మిగిలిన ప్రతి అదురూ పగులు కాదు. ఎక్స్‌పాన్షన్ జాయింట్ మీద లారీ టైరు పడినా అలాంటి అదురే వస్తుంది.

వాహనాల రాకపోకలను కూడా రొద కింద జమకట్టే అలవాటు ఒకటుంది. దాన్ని నేను ఒప్పుకోను. వంతెనను ఆపి, సుత్తితో కొట్టి పరీక్షించడం రద్దీ నగరంలో సాధ్యపడదు. దాన్ని కంపింపజేస్తున్నది ఆ వాహనాలు, గాలే. పరిశోధకుడు వెల్చ్ 1967లో సూచించినట్టు నమోదును ముక్కలుగా విడగొట్టి వాటి వర్ణపటాల, అంటే ఏ పౌనఃపున్యంలో కంపనం ఎంత ఉందో చూపే గ్రాఫుల సగటు తీస్తే, పరస్పర సంబంధం లేని 100 ముక్కలకు యాదృచ్ఛిక దోషం పదో వంతుకు తగ్గుతుంది, వంతెన పౌనఃపున్యాలు శిఖరాలుగా తేలుతాయి. ఒక్క షరతు: ఆ కాలమంతా రద్దీ ఇంచుమించు ఒకే తీరుగా ఉండాలి. బ్రహ్మోత్సవాల నాటి నమోదును మామూలు రోజుల నమోదుతో కలిపి సగటు తీయకూడదు.

ఇక ఉష్ణోగ్రత. స్విట్జర్లాండ్‌లోని జెడ్24 వంతెనను 1998లో కూల్చేముందు సుమారు ఏడాదిపాటు కంపనాలు నమోదు చేశారు. చలికి తారు పొర గట్టిపడినప్పుడు దాని పౌనఃపున్యాలు స్పష్టంగా పెరిగాయి. మనకు మంచు లేదు, కానీ మే నెల మధ్యాహ్నానికీ డిసెంబరు తెల్లవారుజామునకూ శ్లాబు, బేరింగులు ఒకేలా ఉండవు. ఇది కట్టడంలో నిజంగా జరిగే మార్పు కాబట్టి ఏ ఫిల్టరూ దీన్ని తొలగించలేదు. కంపనంతోపాటు ఉష్ణోగ్రతనూ కనీసం ఒక సంవత్సరం నమోదు చేసి, రెంటి మధ్య సంబంధం కట్టి, ఆ సంబంధానికి లొంగని మార్పునే అనుమానించాలి.

ఈ సభలో నగరపాలక సంస్థ ఇంజనీర్లు కూడా ఉన్నారు కాబట్టి ఒక విన్నపం. మీకు అందే పర్యవేక్షణ నివేదికల్లో నున్నని గ్రాఫులతోపాటు ఫిల్టర్ వేయని మూల నమోదు, నమూనాల వేగం, వాడిన ఫిల్టర్ హద్దులు, ఆ వేళ ఉష్ణోగ్రత తప్పక అడగండి. అవి లేని నివేదికపై సంతకం చేయకుండా వెనక్కి పంపండి.